బొత్తాం నొక్కినా లేవని కంప్యూటరు

కిందటి జూన్‌లో జరిగిన సంగతి. వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచిన మొదటి రోజు. ప్రార్థన అయీ అవగానే పదో తరగతి పిల్లలు అయిదారుగురు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

"మాస్టారూ, కంప్యూటరు చచ్చిపోయిందండీ!"

"చచ్చిపోవడానికి దానికి ప్రాణం ఎక్కడిదిరా? ఏమైందో సరిగా చెప్పండి" అన్నాను.

"బొత్తాం నొక్కితే లేవడం లేదండీ. మన వాన లెక్కలన్నీ అందులోనే ఉన్నాయండీ" అంది ఒక అమ్మాయి. ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆ అమ్మాయి బాధకు కారణం ఉంది. మా హైస్కూలు సముద్రానికి దగ్గరలో ఉంది. అంతకు ముందు ఏడాది జూన్ నుంచి ఏప్రిల్ దాకా, మూడు వందల పైచిలుకు రోజులు, ఈ పిల్లలు బడి ఆవరణలో వర్షమాపకం పెట్టి రోజూ ఉదయం 8.30 గంటలకు వాన కొలిచారు. సెలవు రోజుల్లో కూడా వంతులు వేసుకుని వచ్చారు. ఆ అంకెలు మొదట ఒక నోటుపుస్తకంలో రాసి, తరువాత కంప్యూటరులో ఎక్కించేవారు. వేసవి సెలవుల్లో గదులకు సున్నం వేయించారు. బీరువాలో ఉన్న నోటుపుస్తకాన్ని చెదలు తినేశాయి. ఇక మిగిలింది కంప్యూటరులో ఉన్న లెక్క ఒక్కటే. ఆ కంప్యూటరేమో లేవనంటోంది!

హెడ్మాస్టరు గారు వచ్చి చూసి, "పట్నం నుంచి మెకానిక్కు రావాలంటే వారం పడుతుంది మాస్టారూ. పైగా పాత మిషను. దానికి ఖర్చు దండగేమో, పక్కన పెట్టేయిద్దాం" అన్నారు.

"ఒక్క మధ్యాహ్నం నాకూ పిల్లలకూ వదిలేయండి. అప్పటికీ లేవకపోతే మీ ఇష్టం" అన్నాను.

ఆ మధ్యాహ్నం మేము ఏం చేశామో మీకు చెబుతాను. ఇది మెకానిక్కులకు మాత్రమే పనికివచ్చే విద్య కాదు. సైన్సు పాఠాల్లో మీరు నేర్చుకునే పద్ధతే ఇది.

ముందు ప్రశ్న సరిగా వెయ్యాలి

డాక్టరు గారి దగ్గరికి వెళ్లి "ఒంట్లో బాగాలేదండీ" అంటే ఆయన మందు రాసిస్తారా? ఇవ్వరు. జ్వరమా, దగ్గా, నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడుగుతారు. "కంప్యూటరు లేవడం లేదు" అన్నది కూడా "ఒంట్లో బాగాలేదు" వంటి మాటే. అందులో కనీసం నాలుగు రకాల జబ్బులు ఉన్నాయి.

కంప్యూటరు లేవడం అంటే ఒక్క గెంతులో జరిగే పని కాదు. నాలుగు మెట్లు ఎక్కడం.

మొదటి మెట్టు: కరెంటు లోపలికి రావాలి. 

రెండో మెట్టు: యంత్రం తన భాగాలను తానే పరీక్షించుకోవాలి. 

మూడో మెట్టు: డిస్కు ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. 

నాలుగో మెట్టు: ఆ డిస్కులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే కంప్యూటరు చేత పని చేయించే ప్రధాన ప్రోగ్రామును, మెమరీలోకి తెచ్చుకోవాలి.

ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో తెలిస్తే వెతకవలసిన చోటు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. అందుకే మేము పలక మీద రెండు నియమాలు రాసుకున్నాం. ఒకటి, ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. రెండు, చేసిన ప్రతి మార్పూ, దాని ఫలితమూ కాగితం మీద రాయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే యంత్రం బాగుపడినా దేనివల్ల బాగుపడిందో మనకు తెలియదు. అప్పుడు బాగుచేసినట్లే గాని, నేర్చుకున్నట్లు కాదు.

మొదటి మెట్టు: కరెంటు వస్తోందా?

బొత్తాం నొక్కి చూశాం. దీపం వెలగలేదు. ఫ్యాను తిరగలేదు. చెవి దగ్గర పెట్టి విన్నా ఏ చప్పుడూ లేదు. కనుక ఆగింది మొదటి మెట్టు దగ్గరే.

"గోడ సాకెట్‌లో కరెంటు లేదేమో" అన్నాడు ఒకడు. పరీక్షించడం ఎలా? కంప్యూటరూ, మానిటరూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి ఉన్నాయి. మానిటరు మీద చిన్న దీపం వెలుగుతోంది. అంటే బోర్డు దాకా కరెంటు వచ్చినట్టే. ఒక్క చూపుతో గోడ, సాకెట్, బోర్డు మూడూ నిర్దోషులని తేలిపోయింది.

ఇక మిగిలింది బోర్డు నుంచి కంప్యూటరుకు వెళ్లే తీగ. మానిటరు తీగా, కంప్యూటరు తీగా ఒకే రకానివి. బోర్డు స్విచ్చి ఆపి మానిటరు తీగను తెచ్చి కంప్యూటరుకు పెట్టాం. స్విచ్చి వేసి బొత్తాం నొక్కాం. ఫ్యాను గిర్రున తిరిగింది!

"తీగ చెడిపోయింది మాస్టారూ! కొత్తది కొనాలి" అని కేకలు వేశారు.

"తొందరపడకండి. ఆ చెడిపోయిన తీగను మానిటరుకు పెట్టి చూడండి" అన్నాను.

పెట్టారు. మానిటరు దీపం చక్కగా వెలిగింది! అంటే తీగ చెడలేదు. మరి తప్పు ఎక్కడ? సున్నం వేసేవాళ్లు బల్లను జరిపినప్పుడు తీగ కంప్యూటరు వెనక సగం ఊడి వచ్చింది. చూడటానికి తగులుకునే ఉంది, లోపల అంటుకోలేదు. గట్టిగా నొక్కిపెడితే సరిపోయేది. తిరిగి పరీక్షించకుండా ఉంటే మంచి తీగను పారేసి కొత్తది కొనేవాళ్లం.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఎంత పెద్ద యంత్రం దగ్గరకు వెళ్లినా మొదట తీగలు, ప్లగ్గులు, స్విచ్చిలు చూస్తారు. అది చిన్నతనం కాదు. మొదట చూడవలసింది అన్నిటికన్నా తేలికగా చూడగలిగినదాన్నే.

ముట్టుకోకూడని డబ్బా

ఫ్యాను తిరిగింది గాని తెర మీద ఏమీ రాలేదు. పెట్టె తెరిచి చూడవలసి వచ్చింది. తెరిచే ముందు ఒక హెచ్చరిక చెప్పాను. మీరూ వినండి.

కంప్యూటరు ముందు ఉన్న బొత్తాం మన ఇంట్లో దీపం స్విచ్చి వంటిది కాదు. దీపం స్విచ్చి కరెంటును తెంచుతుంది. కంప్యూటరు బొత్తాం "లేవాలి" అని ఒక కబురు మాత్రం పంపుతుంది. ఆ కబురు అందుకోవడానికి లోపల ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి గదా! అందుకే ప్లగ్గు తగిలించి ఉన్నంతసేపు, కంప్యూటరు ఆగి ఉన్నా, మదర్‌బోర్డుకు 5 వోల్టుల కరెంటు కొద్దిగా అందుతూనే ఉంటుంది. కాబట్టి పెట్టె తెరిచే ముందు ప్లగ్గు పూర్తిగా పీకెయ్యాలి. పీకాక బొత్తాన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మదర్‌బోర్డులో మిగిలిన కొద్దిపాటి విద్యుత్తు ఖర్చయిపోతుంది.

లోపల వెనక మూలన ఒక లోహపు డబ్బా ఉంటుంది. దాన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. కంప్యూటరు చిప్పులకు అది పనికిరాదు. వాటికి స్థిరంగా ఒకే వైపు ప్రవహించే తక్కువ వోల్టుల విద్యుత్తు కావాలి. ఈ డబ్బా ముందుగా ఇంటి కరెంటును ఏకముఖంగా మారుస్తుంది. దాన్ని సెకనుకు వేలాది సార్లు తెంచి కలిపి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి, చివరకు 12, 5, 3.3 వోల్టులుగా విడదీసి ఇస్తుంది. అంత వేగంగా తెంచి కలపడం వల్లనే ట్రాన్స్‌ఫార్మరు అరచేతిలో ఇమిడేంత చిన్నదైనా సరిపోతుంది.

ఈ డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకూడదు. ఎందుకో లెక్క వేసి చూడండి. 230 వోల్టులు అన్నది ఒక రకమైన సగటు విలువ. అలలో అత్యధిక విలువ కావాలంటే దాన్ని 1.414 చేత గుణించాలి. అప్పుడు సుమారు 325 వోల్టులు వస్తుంది. డబ్బాలోని పెద్ద కెపాసిటర్లు ఆ 325 వోల్టులను నింపుకుని కూర్చుంటాయి. ప్లగ్గు పీకిన తరువాత కూడా కొంతసేపు ఆ విద్యుత్తు వాటిలో నిలిచి ఉండవచ్చు. ప్రాణానికే ముప్పు. మాడు వాసన వచ్చినా, పొగ కనిపించినా పరీక్షలన్నీ ఆపి, ప్లగ్గు పీకి, తెలిసినవారిని పిలవడమే సరైన పని. మిగతా పెట్టెనైనా పెద్దలు పక్కన లేకుండా తెరవవద్దు.

ఇంకో సంగతి. ఎక్కడైనా లఘు వలయం ఏర్పడి కరెంటు హద్దు మీరితే ఈ డబ్బా తనను తానే ఆపేసుకుంటుంది. ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగిపోతే ఆ అనుమానం రావాలి.

పురుగు కథ

పెట్టె తెరిచేసరికి లోపల సున్నపు ధూళి, సాలెగూళ్లు, ఒక మూలన ఎండిపోయిన బొద్దింక. పిల్లలు నవ్వారు. "దోషం దొరికింది మాస్టారూ!" అన్నాడు ఒకడు.

ఆ మాటలో ఒక చరిత్ర ఉంది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం వారు తయారుచేసిన మార్క్ 2 అనే కంప్యూటరు 1947 సెప్టెంబరు 9న సరిగా పనిచేయలేదు. చిప్పులు లేని రోజులవి. లోపల విద్యుదయస్కాంతాలతో టక్‌టక్‌మని తెరుచుకుని మూసుకునే రిలేలు ఉండేవి. వెతకగా వెతకగా ఒక రిలేలో చిక్కుకుని చచ్చిన రెక్కల పురుగు దొరికింది. దాన్ని రోజువారీ పుస్తకంలో టేపుతో అంటించి, నిజంగా పురుగు దొరికిన మొదటి సందర్భం ఇదేనని సరదాగా రాశారు. యంత్రాల్లోని లోపాన్ని "బగ్", అంటే పురుగు, అనడం అంతకు ముందే ఉంది. ఎడిసన్ 1878లోనే ఆ మాట వాడాడు. ఆ పేజీ నేటికీ అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

మా బొద్దింక మాత్రం నిర్దోషి. మూలన విడిగా పడి ఉంది, ఏ తీగకూ తగలలేదు. కుంచెతో ధూళి మెల్లగా తుడిచాం. యంత్రం మళ్లీ పెట్టి చూస్తే ఫలితం ఏమీ మారలేదు. అదీ కాగితం మీద రాశాం.

తన భుజాల మీదికి తానే ఎక్కడం

ఇప్పుడు రెండో మెట్టు. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. కంప్యూటరు ఏ పని చేయాలన్నా మెమరీలో ప్రోగ్రాము ఉండాలి. డిస్కు నుంచి ప్రోగ్రామును మెమరీలోకి తేవడం కూడా ఒక పనే. దానికీ ఒక ప్రోగ్రాము కావాలి. మరి ఆ మొదటి ప్రోగ్రామును ఎవరు తెస్తారు? తన భుజాల మీదికి తానే ఎక్కినట్లు ఉంది గదా! ఇంగ్లీషువాళ్లు ఇదే సంగతిని, తన బూట్ల పట్టీలు పట్టుకుని తనను తానే పైకి లాక్కోవడం అంటారు. కంప్యూటరు మొదలుకావడాన్ని "బూట్" అనడం అందుకే.

1960లలో వచ్చిన పి.డి.పి. 8 వంటి కంప్యూటర్లలో ఆ మొదటి ప్రోగ్రామును మనిషే చేత్తో ఎక్కించేవాడు. యంత్రం ముందు వరసగా ఉన్న స్విచ్చిలను పైకీ కిందికీ మారుస్తూ ఒక్కొక్క ఆజ్ఞనూ లోపలికి పంపేవాడు. ఈ రోజుల్లో ఆ మొదటి ప్రోగ్రామును మదర్‌బోర్డు మీద ఒక చిప్పులో శాశ్వతంగా రాసి పెడుతున్నారు. కరెంటు పోయినా అది చెరిగిపోదు. దాన్ని బయాస్ అంటారు. కొత్త యంత్రాల్లో యు.ఇ.ఎఫ్.ఐ. అనే పెద్ద ప్రోగ్రాము ఆ పని చేస్తుంది.

ఎస్.ఎం.పి.ఎస్. తన వోల్టులన్నీ సరిగా ఉన్నాయని కబురు పంపేదాకా ప్రాసెసరు కదలదు. ఆ కబురు అందగానే అది ఒక నిర్ణీత చిరునామా దగ్గర మొదటి ఆజ్ఞ కోసం చూస్తుంది. 1981 ఆగస్టు 12న వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఆ చిరునామా 10,48,560. అంటే ఆ ప్రాసెసరు చూడగలిగే 10,48,576 గదులలో చివరి 16 గదులు మొదలయ్యే చోటు. అక్కడ "బయాస్ ఫలానా చోట ఉంది, అక్కడికి వెళ్లు" అన్న ఒక ఆజ్ఞ ఉంటుంది.

బయాస్ లేవగానే ప్రాసెసరు, మెమరీ, తెర, కీబోర్డు అన్నీ ఉన్నాయో లేదో పరీక్షిస్తుంది. మెమరీయే సరిగా లేకపోతే? అప్పటికి తెర ఇంకా సిద్ధం కాదు. తెర మీద రాయడానికి వీల్లేదు. అందుకని చిన్న స్పీకరుతో కూత వేస్తుంది!

కూత చెప్పిన సంగతి

మా కంప్యూటరు కూత వేస్తోంది. పొద్దున్నుంచీ జనం గోల వల్ల మాకు వినపడలేదు. తలుపులు వేసి వింటే పొడవాటి కూత ఒకటి, కాస్త ఆగి మళ్లీ ఒకటి. ఎన్ని కూతలకు ఏమిటి అర్థమన్నది ఒక్కొక్క తయారీదారుకు ఒక్కో రకం. మదర్‌బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకం చెదల పాలు కాలేదు. అందులో చూస్తే ఆ కూతకు అర్థం, "మెమరీ దొరకడం లేదు".

మా యంత్రంలో మెమరీ పలకలు రెండు, అవి కూర్చునే గాళ్లు రెండు. తప్పు ఏ పలకదో, ఏ గాడిదో తేల్చాలి. ముట్టుకునే ముందు ప్రతివాడూ పెట్టె లోహాన్ని ఒకసారి తాకాడు. ఎందుకంటే మన ఒంట్లో స్థిర విద్యుత్తు చేరి ఉంటుంది. పొడి గాలిలో నడిచినప్పుడు అది కొన్ని వేల వోల్టుల దాకా పోవచ్చు. మనకు చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి. చిప్పులకు అంతకన్నా చాలా తక్కువే హాని చేస్తుంది. మనకు తెలియకుండానే వాటిని చంపగలం అన్నమాట!

ప్లగ్గు పీకడం, పలక మార్చడం, ప్లగ్గు పెట్టడం, వినడం. ఇలా అయిదుసార్లు చేసి ఫలితాలు రాశాం.

రెండు పలకలూ తీసేస్తే, కూత. 

మొదటి గాడిలో మొదటి పలక ఒక్కటే పెడితే, కూత లేదు. 

రెండో గాడిలో మొదటి పలక ఒక్కటే పెడితే, కూత లేదు. 

రెండో గాడిలో రెండో పలక ఒక్కటే పెడితే, కూత. 

మొదటి గాడిలో రెండో పలక ఒక్కటే పెడితే, కూత.

"రెండూ తీసేస్తే కూత వస్తుందని ముందే తెలుసు కదండీ, అదెందుకు చేశాం?" అని అడిగింది ఒక అమ్మాయి. మంచి ప్రశ్న. మెమరీ లేదని యంత్రం ఫిర్యాదు చేసిందంటే దాని ప్రాసెసరు, బయాస్, స్పీకరు బాగున్నాయన్నమాట. ఫలితం ముందే తెలిసిన పరీక్ష కూడా ఒక్కోసారి చెయ్యాలి. కొలబద్ద సరిగా ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

మిగతా నాలుగు ఫలితాలూ చూడండి. మొదటి పలక రెండు గాళ్లలోనూ బాగుంది. కనుక గాళ్లు రెండూ మంచివే. రెండో పలక ఏ గాడిలోనూ పనిచేయలేదు. కనుక తప్పు రెండో పలకదే.

చెడిపోయిందా, మురికి పట్టిందా? పలక అంచున బంగారు పూత పూసిన చిన్న పట్టీలు వరసగా ఉంటాయి. వాటి మీద పల్చని మసక కనిపించింది. సముద్రపు ఉప్పుగాలి, సెలవుల్లో మూసిన గది, సున్నపు ధూళి కలిసి చేసిన పని అది. మెత్తని తెల్ల రబ్బరుతో, పెట్టెకు దూరంగా, మెల్లగా రుద్ది పొడి గుడ్డతో తుడిచాం. గట్టిగా రుద్దితే బంగారు పూతే పోతుంది. తిరిగి రెండు పలకలూ పెట్టి బొత్తాం నొక్కాం.

కూత లేదు. తెర మీద అక్షరాలు కదిలాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇంకా ఆగకముందే తెర నల్లబడి ఒక్క వాక్యం నిలిచింది. బూట్ చేయడానికి తగిన డిస్కు లేదట!

మూడో మెట్టు: డిస్కు ఏమైంది?

గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. "వాన లెక్కలు పోయినట్టేనా?" అని ఎవరో మెల్లగా అన్నారు.

ఇలాంటప్పుడే మనసు గాభరా పడుతుంది. గాభరాతో చేసిన పనికి లెక్క ఉండదు. కనుక ముందు సాక్ష్యం చూద్దాం అన్నాను. మళ్లీ లేపి డిలీట్ మీట నొక్కితే బయాస్ సెటప్ తెర వచ్చింది. కొన్ని యంత్రాల్లో ఎఫ్ 2 మీట నొక్కాలి. అందులో రెండు సంగతులు కనిపించాయి.

ఒకటి, డిస్కు పేరు జాబితాలో ఉంది! అంటే డిస్కు బతికే ఉంది, పిలిస్తే పలుకుతోంది.

రెండు, తేదీ తప్పు. ఎన్నో ఏళ్ల కిందటి జనవరి 1 చూపిస్తోంది.

తేదీకీ డిస్కుకూ సంబంధం ఏమిటి? ఇక్కడే అసలు దొంగ దొరికాడు.

మదర్‌బోర్డు మీద అయిదు రూపాయల బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని పేరు సి.ఆర్. 2032. ఆ అంకెలు ఊరికే పెట్టలేదు. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం అని అర్థం. లిథియంతో చేసినది, 3 వోల్టులు ఇస్తుంది. కంప్యూటరుకు కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది ఇదే. ఆ గడియారంలో ఒక క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ వింత అంకె ఎందుకు? 32,768ని వరసగా 15 సార్లు సగం చేసి చూడండి. సరిగ్గా 1 వస్తుంది. సగం చేయడం చిప్పులకు అతి తేలిక. అలా 15 సార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క టిక్కు తయారు!

గడియారంతో పాటు, ఏ డిస్కును ముందు వెతకాలి వంటి సెటప్ వివరాలను కూడా ఈ బ్యాటరీయే కాపాడుతుంది. మా యంత్రంలో అది ఎప్పుడో నీరసించింది. ఫిజిక్సు ల్యాబులోని మల్టీమీటరు పెట్టి చూస్తే 3 వోల్టులు ఉండవలసిన చోట 2 కూడా చూపలేదు. మరి ఏప్రిల్ దాకా ఎలా నడిచింది? ఇందాక చెప్పుకున్న 5 వోల్టులు గుర్తున్నాయా? ప్లగ్గు తగిలించి ఉన్నంతకాలం గడియారానికి ఆ కరెంటే సరిపోయేది. సెలవుల్లో ప్లగ్గు పీకేశారు. అప్పుడు గడియారం ఆగిపోయింది, సెటప్ వివరాలు చెరిగి ఫ్యాక్టరీ వివరాలు వచ్చాయి. వాటి ప్రకారం యంత్రం ముందు పెన్‌డ్రైవ్‌ను చూడాలి.

"పెన్‌డ్రైవ్ ఎక్కడుంది?" అన్నాను. ఒక అబ్బాయి వంగి వెనక చూశాడు. పరీక్షల రోజుల్లో ఎవరో పెట్టి మరిచిపోయిన పెన్‌డ్రైవ్ అక్కడే ఉంది! అందులో ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. యంత్రం దాని దగ్గరే ఆగిపోయి, తగిన డిస్కు లేదని చేతులెత్తేసింది.

పెన్‌డ్రైవ్ తీసేశాం. ఇంకేమీ మార్చలేదు. బొత్తాం నొక్కాం. నాలుగో మెట్టు కూడా ఎక్కింది. తెర వెలిగింది. వాన లెక్కల ఫైలు తెరిస్తే మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అన్ని అంకెలూ ఉన్నాయి.

ఆ తరువాత కొత్త బ్యాటరీ వేయించి, తేదీ సరిచేసి, డిస్కునే ముందు వెతకమని సెటప్‌లో రాశాం. పాత బ్యాటరీని కాగితంలో చుట్టి నా జేబులో వేసుకున్నాను. ఈ బిళ్ల బ్యాటరీలను చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. ఎక్కడ పడితే అక్కడ వదలకండి.

మూడు తప్పులు, ఒక్క తాళం

మా కంప్యూటరులో తప్పులు మూడు. వదులైన తీగ, మసక పట్టిన మెమరీ, నీరసించిన బ్యాటరీ. ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. మొదటిది తీస్తేగాని రెండోది కనిపించలేదు. కొత్తగా కొన్నది ఒక్క బ్యాటరీ. మెట్టు వెంట మెట్టు పోకుండా తోచిన భాగమల్లా మార్చి ఉంటే ఎంత ఖర్చయ్యేదో, చివరకు యంత్రాన్ని పారేసేవాళ్లమేమో!

ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాం. కంప్యూటరు లేవకపోవడం వేరు, అందులోని సమాచారం పోవడం వేరు. డిస్కు బాగుంటే సాధారణంగా దాన్ని ఇంకో కంప్యూటరుకు తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. అయితే డిస్కే చెడే రోజు కూడా వస్తుంది. తిరిగే డిస్కులు చాలావరకు నిమిషానికి 5,400 గాని 7,200 గాని చుట్లు తిరుగుతాయి. చదివే మొన దాని ఉపరితలానికి వెంట్రుక మందంలో ఎన్నో వేల వంతు ఎత్తులో తేలుతూ ఉంటుంది. అలాంటి డిస్కు నుంచి టక్‌టక్ మని చప్పుడు వస్తే మళ్లీ మళ్లీ లేపకండి. ఒక్కొక్కసారి లేపినప్పుడల్లా నష్టం పెరగవచ్చు. ఆపేసి తెలిసినవారికి చూపించాలి.

ఆ సాయంత్రం పిల్లలు ఇంటికి వెళ్లే ముందే వాన లెక్కలను ఒక పెన్‌డ్రైవ్‌లోకీ, మా ఇంటి కంప్యూటరులోకీ ఎక్కించారు. కాగితం మీద కూడా ముద్రించి గోడకు తగిలించారు. విలువైనదేదీ ఒక్కచోటే ఉండకూడదని వాళ్లకు ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

మీరు చెప్పండి

ఇవి మూడు చిన్న సమస్యలు. తప్పు ఎక్కడ ఉందో, ఏ పరీక్ష చేసి తేల్చాలో ఆలోచించండి. మీకు కావలసినవన్నీ ఈ వ్యాసంలోనే ఉన్నాయి.

1. కంప్యూటరు దీపం వెలిగింది, ఫ్యాను తిరుగుతోంది, కూత లేదు, తెర మాత్రం నల్లగా ఉంది. కీబోర్డు మీద నమ్‌లాక్ మీట నొక్కితే దాని దీపం వెలుగుతోంది, మళ్లీ నొక్కితే ఆరుతోంది. యంత్రం లేచినట్లా, లేవనట్లా? మొదట ఏ తీగను చూడాలి?

2. బొత్తాం నొక్కగానే ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది. నిన్ననే లోపల ఒక కొత్త కార్డు పెట్టారు. ముందు ఏం చేస్తారు? ఎందుకు?

3. రాత్రి బోర్డు స్విచ్చి ఆపితే తెల్లవారి తేదీ తప్పుతోంది. ఆపకపోతే తప్పడం లేదు. దొంగ ఎవరు?

మర్నాడు ఉదయం 8.30కి ఆ అమ్మాయి వర్షమాపకం చూసి వచ్చింది. రాత్రి కురిసిన వాన 14 మిల్లీమీటర్లు. కొత్త నోటుపుస్తకంలో మొదటి వరసలో రాసి, కంప్యూటరు దగ్గరికి వెళ్లి బొత్తాం నొక్కింది. లేచింది.